నా ఆర్డరు మీద మైలవరం

ఖాళీ మైదానంలో, చీలమండ లోతు బురదలో, పన్నెండు మంది ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి, "చూశారా, ఎదుటి జట్టు మనకి భయపడి రాలేదు!" అని ప్రకటించిన మహా సేనానిని మీరెప్పుడైనా చూశారా? నేనేనండీ. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, మా ఇంట్లోవాళ్లు నవ్వినంత మాత్రం వద్దు.

ఆరేళ్ల కిందట విజయవాడలో ఓ స్కూల్లో ఆటల మాస్టారిని. బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో రిటైరైన కల్నల్ గారొకరు నాయకత్వం మీద రెండు రోజులు పాఠాలు చెబుతారంటే స్కూలువాళ్లు నన్ను పంపారు. 'నాయకుడు ముందు తనవాళ్ల మాట వినాలి' అని ఆయన గంటసేపు చెప్పారట. నాతో వచ్చిన లెక్కల మాస్టారు తర్వాత అన్నారు. ఆ గంటలో నేను బిర్యానీ లైన్లో ఉన్నాను. నా చెవికెక్కింది ఒక్కటే: ఆర్డరు వేశాక ప్రశ్నలుండవు.

ఇంకేం, అన్నప్రాసన నాడే ఆవకాయ! మర్నాటి నుంచి ఇంట్లో ఉదయం ఐదున్నరకి హాజరు. మా ఆవిడ సునీత పాలు కాస్తూ "ఉన్నానండీ, ఎక్కడికి పోతాను" అనేది. మా అమ్మాయి మెర్సీ పదో తరగతి, మా కబడ్డీ జట్టు కెప్టెన్. పాపం, దానికి రెండు చోట్లా నేనే.

"నాన్నా..."

"నాన్న లేడు. సార్ అను."

గ్రౌండులో ప్రశ్న అడిగినవాళ్లు జట్టులోంచి అవుట్ అన్నాను. పిచ్చోడి చేతికి రాయి దొరికితే ఒకరిద్దరికే దెబ్బ. నా చేతికి విజిల్ దొరికింది.

శనివారం మైలవరంలో ఫైనల్. మెర్సీకి స్కూల్లో అదే ఆఖరి మ్యాచ్. పొద్దున్నే షూ లేసులు కట్టుకుంటుంటే సునీత వంటింట్లోంచి వచ్చింది.

"ఏవండీ, మ్యాచ్ సంగతి గ్రూపులో..."

"యుద్ధం సంగతి నాకొదిలెయ్. నువ్వు పులిహోర సంగతి చూడు."

నా ఫోన్ ఆపేశాను. పిల్లల ఫోన్లు సంచిలో వేయించి స్కూల్లోనే తాళం పెట్టించాను. బస్సు కదిలింది. స్కూలు పక్క మైదానంలో షామియానా కనిపించింది.

"సార్, అక్కడ..." అంది మెర్సీ.

"ఎవరిదో పెళ్లి. మనకెందుకు?" విజిల్ ఊదాను. దారిలో ఇంకో రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ ఊదాను.

మైలవరంలో నేను విజయం ప్రకటించిన ఐదు నిమిషాలకి గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగాడు.

"కబడ్డీకా మాస్టారూ? వానకి గ్రౌండ్ పాడైందని నిన్ననే బెజవాడకి మార్చేశారుగా!"

"బెజవాడలో ఎక్కడ?"

మెర్సీ మెల్లగా అంది: "మన స్కూలు పక్కనే సార్."

"నీకు తెలుసా? చెప్పవేం!"

"అడిగితే ఫైనల్ ఆడనివ్వనన్నారుగా, నాన్నా." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి 'సార్ అను' అనడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణంలో సీటంచున కూర్చుని దేవుణ్ణి తప్ప ఎవర్నీ ఆజ్ఞాపించలేదు. పదింటి మ్యాచ్‌కి పదకొండుంబావుకి చేరాం. మ్యాచ్ పోయిందనే అనుకున్నాను. గేటు దగ్గర సునీత, చేతిలో గ్లూకోజ్ నీళ్ల బిందె.

"బతిమాలి పదకొండున్నరదాకా ఆపించాను. పరిగెత్తండమ్మా!"

పరిగెత్తారు. ఆడారు. రెండు పాయింట్లతో గెలిచారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మా జట్టుకి నేను చేసిన ఏకైక సహాయం అదే.

బహుమతులప్పుడు కోచ్‌ని పిలిస్తే, ఛాతీ విరుచుకుని లేచి సగం దూరం నడిచాను.

"కోచ్, శ్రీమతి సునీత గారు!"

"పొద్దున మ్యాచ్ ఆపమని ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడేదని అడిగారండీ," అంది సునీత, కప్పు అందుకోవడానికి నన్ను దాటి వెళ్తూ. "కోచ్ రోడ్డు మీదున్నాడంటే పరువు పోతుందని, కోచ్‌ని నేనేనన్నాను."

కనుక, సమస్త ప్రజలకూ ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఈ జన్మలో నేను ఎవరికీ ఆర్డరు వేయను, హోటల్లో దోసెకి తప్ప. అదీ, సర్వర్ "సార్, ఒక్క మాట" అంటే పూర్తిగా విన్నాకే.