శనివారం తెచ్చుకున్న రంపం

శనివారం ఉదయం తొమ్మిదింపావుకు హార్డ్‌వేర్ షాపులో ఇంజన్‌తో నడిచే రంపం, ఒక చిన్న చెయిన్‌సా, చేతిలోకి తీసుకుని బరువు చూశాను. పద్నాలుగు అంగుళాల బ్లేడు. షాపతను దాన్ని బయటికి తెచ్చి నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు ఎలా ఆనించాలో చూపించాడు. రెండోసారి తాడు లాగేసరికి స్టార్ట్ అయింది. అదే కావాలన్నాను.

అది 1981 అక్టోబరు. నా భర్త జులైలో పోయాడు. అమెరికాలో, నోవై అనే చలి ఊళ్ళో, మా ఇంటిని వెచ్చబెట్టే ఆయిల్ ఫర్నేస్ పాడై ఏడాది దాటింది. ఆయన పెట్టించిన కట్టెల స్టవ్ ఒక్కటే చలికి దిక్కు. అంతకుముందు రంపం అద్దెకు తెచ్చి ఆయనే కోసేవాడు. పెరట్లో ఓక్ దుంగలు పడి ఉన్నాయి. ఇక కోయాల్సింది నేను.

నా వెంట వచ్చినాయన నా భర్త స్నేహితుడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన రంపాన్ని నా చేతిలోంచి తీసుకుని కౌంటర్ మీద పెట్టేశాడు.

"శనివారం ఇనుము కొనకూడదమ్మా. అసలే ఇంట్లో ఇలా జరిగి ఎన్నాళ్ళో కాలేదు. రేపు చూద్దాం."

వారంలో ఐదు రోజులు ఇనుముతోనే పనిచేసే మనిషి. తన కొత్త కారు తెచ్చుకున్నది శనివారమేనని నాకు తెలుసు.

మర్నాడు నన్ను పిలవకుండానే వెళ్ళి ఇరవై నాలుగు అంగుళాలది తెచ్చాడు. పిడికి కుంకుమ బొట్టు. ఇంజన్ పవర్ గురించి చాలాసేపు చెప్పాడు. దీన్ని నేను లాగలేనన్నాను.

"నువ్వెందుకు లాగుతావమ్మా, మేం లేమూ? వీకెండ్ వీకెండ్‌కీ వచ్చి కోసిపెడతాం."

ఒక్క వీకెండ్ ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. కోసింది తక్కువ, గరాజ్‌లో నిలబడి కాఫీలు తాగింది ఎక్కువ. తర్వాత ఎవరి పిల్లాడిదో బర్త్‌డే అన్నారు, ఆఫీసు పనన్నారు, మంచులో డ్రైవ్ చేయలేమన్నారు. ఆ మంచుకే మా కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి. భుజం నొప్పెట్టేదాకా తాడు లాగాను. ఆ పెద్ద రంపం ఒక్కసారీ స్టార్ట్ కాలేదు. మంచిరోజు ఏదో ఆలోచించినవాళ్ళకు, భర్త పోయిన మనిషికి కూడా చలి వేస్తుందని తట్టలేదు.

నీళ్ళు గడ్డకట్టిన ఆ వారమే, శనివారం నాడు కుంకుమ తుడిచేసి, రంపాన్ని కార్‌లో వేసుకుని షాపుకు వెళ్ళాను. ఇది మార్చి చిన్నది ఇమ్మన్నాను. అతను ఏమీ అడగకుండా ఇచ్చాడు. చీకటి పడేలోపు స్టవ్‌లో పట్టే పొడవుకు ముక్కలు కోశాను. ఇల్లు వెచ్చబడింది.

ఎవరి ద్వారా తెలిసిందో, ఆయన భార్య ఫోన్ చేసింది. "అదేంటి వదినా, ఆయన పూజలో పెట్టి తెచ్చినదాన్ని తిరిగి ఇచ్చేశావట. ఎంత బాధపడుతున్నారో."

"కట్టెలు కోసుకోవాలి వదినా. ఉంటాను" అని పెట్టేశాను.

ఆయన ఎంత బాధపడ్డాడో చాలా ఏళ్ళు ఎవరో ఒకరు నాకు చెబుతూనే వచ్చారు. నేను ఎంత చలిలో ఉన్నానో ఆయనకు చెప్పినవాళ్ళు ఉన్నారని వినలేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా కట్టెలు నేనే కోసుకున్నాను. ఆ కుటుంబంతో ఇప్పుడు రాకపోకలు లేవు.