నా పేరు పెట్టిన పనసచెట్టు

నేను పనసపండు ముట్టనని మా ఇంట్లో అందరికీ తెలుసు. పడదేమో అనుకుంటారు. కాదని ఎవరికీ చెప్పలేదు. మాడుగుల ముసాఫరు బంగళా వరండాలో నేను అన్న ఒక్క మాటని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో చోడవరంలో నాది చింతపండు వ్యాపారం. ఏటా వేసవిలో మాడుగుల దాకా బండి మీద వెళ్లి, అక్కడినుంచి కొండెక్కి, లచ్చన్న అనే కొండమనిషి వాళ్ల గూడెంలో సరుకు కొనేవాణ్ణి. పన్నెండిళ్ల గూడెం. పెళ్లి కాకముందు ఒకసారి అక్కడే మన్యపు జ్వరం తగిలి పడిపోయాను. లచ్చన్న పెళ్లాం గంజి కాచి పోసింది. లేచి నిలబడ్డ రోజున లచ్చన్న నా చేత ఒక పనసగింజ నాటించాడు. బిడ్డ పుట్టినా, చావు తప్పి ఎవరైనా లేచినా ఒక చెట్టు నాటడం ఆ గూడెం వాళ్ల ఆనవాయితీ. ప్రతి చెట్టుకీ ఒక మనిషి పేరు ఉండేది. దానికి నా పేరు పెట్టారు. కాపుకొచ్చాక ఏటా మొదటి పండు నాకే పంపేవాడు.

తర్వాత ఆ కొండలున్న జమీందారీ ఎస్టేటు ప్రభుత్వానికి పోయింది. కొండని రిజర్వు అడవి చేస్తామని హద్దులు తేల్చడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. తాతల నాటి నుంచీ అక్కడున్నామనడానికి గూడెం వాళ్ల దగ్గర కాగితం ముక్క లేదు. చెట్లున్నాయి. అవి మేం నాటినవేనన్నారు. అదే నిజమైతే గూడేన్ని హద్దు బయట వదిలేస్తానన్నాడు ఆఫీసరు. ఈ సంగతి తెలిసిన కొండ కింది మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, లచ్చన్న నా పేరు చెప్పాడు.

ఆఫీసరు దిగిన ముసాఫరు బంగళా వరండాలోకి నన్ను ఒక్కణ్ణే పిలిచి అడిగారు. అడవి చెట్లేనండి, వాటంతటవే మొలిచాయి అన్నాను.

ఎందుకన్నాను? రిజర్వు అయితే చింతపండుకి వేలం పెడతారు, పాట నాకు రావచ్చు అనుకున్నాను. నిజమే. అదొక్కటేనా? ఆఫీసరు నాకు కుర్చీ వేయించాడు. లచ్చన్న వాళ్లు దూరంగా గేటు దగ్గర ఎండలో గొంతుక్కూర్చుని ఉన్నారు. భోజనాల వేళ దాటిపోతోంది, అవునంటే ఆయన మళ్లీ కొండెక్కి చూసుకోవాలి, ఆయన విసుక్కుంటే నాకేదో పోతుందన్నట్టు ఆయనకి నచ్చే మాటే నా నోట వచ్చింది. ఎన్ని కారణాలు వెతుక్కున్నా ఒక్కటీ నిలబడదు. నా సొంత చెట్టు కూడా అక్కడే ఉంది కదా? అది గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చాకే అన్నాను.

చివరికి పాట అనకాపల్లి షావుకారు ఎవరో పాడుకున్నాడు.

వానలకి ముందే గూడేన్ని ఖాళీ చేయించారు. వాళ్లు వడ్డాది దారిలో పాకలు వేసుకుని చెరుకు కోతలకి పోయేవారు. మరుసటి వేసవిలో, మిట్టమధ్యాహ్నం, లచ్చన్న నెత్తి మీద పనసపండుతో మా కొట్టుకొచ్చాడు.

"ఇదెక్కడిది లచ్చన్నా?"

"తవరి సెట్టుదే బాబూ. మొదుటి పండు."

"రిజర్వులోకి ఎలా వెళ్లేవు? గార్డు చూస్తే?"

"సూస్తే కొడతాడు. తవరి పేరు పెట్టిన సెట్టు, మానేత్తే ఎలాగ?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తవరు సెప్పేరు గానీ ఆ ఆపీసరు ఇన్లేదు. తవరేటి సేత్తారు బాబూ."

అప్పుడైనా చెప్పాల్సింది. ఎదురుగా ఉన్నాడు, కొట్లో ఇంకెవరూ లేరు. నేనేమన్నానో తెలుసా? "అవును, ఇన్లేదు" అన్నాను.

మొదటి అబద్ధాన్ని ఆశ మీదికి నెట్టవచ్చు. రెండోది దేని మీదికి నెట్టను? మా ఆవిడ చేతికి నూనె రాసుకుని పండు కోసింది. "తియ్యగున్నాదా బాబూ?" అని నా మొహంలోకి చూశాడు. లచ్చన్న చూస్తూండగా తిన్నాను. చాలా తియ్యగా ఉంది. పనసపండు తినడం అదే ఆఖరు.

మరో రెండేళ్లు తెచ్చాడు, తర్వాత తింటానని లోపల పెట్టించాను. ఆ మరుసటి ఏడు రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు. వడ్డాది ఎంత దూరం? కనుక్కోవడానికి భయం వేసింది.

లచ్చన్న చదువుకోలేదు, ఇది అతనికి చేరదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ వేళ ఆఫీసరు అడిగినదానికి జవాబు మాత్రం చెప్పనివ్వండి. ఆ చెట్లు వాటంతటవి మొలవలేదండి. అన్నీ వాళ్లు నాటినవే. ఒక్కటి నేను నాటాను.