ఎండ కాస్తున్నా వెలగని ఇల్లు

తుఫాను తీరం దాటిన మర్నాడు పొద్దున్నే ఎండ ఫెళ్లున కాసింది. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంటుంది మా ఊరు. వీధిలో కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోయాయి. వైర్లు కొబ్బరిమట్టల కింద చిక్కుపడి ఉన్నాయి. మా డాబా మీది సోలారు పలకలు మాత్రం చెక్కుచెదరలేదు. అంతకుముందు వేసవిలోనే పెట్టించాం. "ఇక మీ కరెంటు మీదేనండీ" అని అమ్మినతను చెబితే సంబరపడ్డాం.

పక్కింటి పిన్ని పరుగున వచ్చింది. ఆయాసం వస్తే మందు పీల్చుకునే నెబ్యులైజరు మిషను ఆమె చేతిలో ఉంది.

"అమ్మీ, మీ బాబాయికి ఊపిరాడ్డం లేదే. మీకు సోలారున్నాది గదా, ఇది మీ ఇంట్లో పెట్టు తల్లీ. ఆయన్నీ తీసుకొచ్చేస్తాను."

ప్లగ్గులో పెట్టాను. మిషను కదల్లేదు. మెయిన్ ఆపి మళ్లీ వేశాను. పలకలకి కలిపిన ఇన్వర్టరు పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది తప్ప ఇంట్లో ఒక్క బల్బూ వెలగలేదు. మా ఆయన డాబా ఎక్కి పలకలు తుడిచి వచ్చారు. అయినా అంతే.

"ఎండ ఇంతలా కాస్తన్నాది, కరెంటు రాదంటావేటే?"

పిన్ని ఆ మాట అన్న తీరు నన్ను కోసేసింది. ఇవ్వడం ఇష్టం లేక సాకు చెబుతున్నామనుకుంది. కాదని ఎలా నమ్మించను? నాకే నమ్మబుద్ధి కాలేదు.

చివరికి మా ఆయన, ఎదురింటి అబ్బాయి కలిసి బాబాయిని మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, పడిపోయిన చెట్ల పక్కనుంచి, పొలం గట్ల మీదుగా శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది.

రోడ్లు బాగుపడగానే పలకలు అమ్మిన షాపుకి వెళ్లి, ఎండున్నా కరెంటు ఎందుకు రాలేదని అమ్మినతన్ని అడిగాను.

"లైన్లో కరెంటు పోతే మీది కూడా దానంతటదే ఆగిపోతుంది మేడమ్. లేకపోతే మీ కరెంటు వెనక్కి పోయి స్తంభం మీదున్న లైన్‌మన్‌కి కొడుతుంది."

ఆ నియమం న్యాయమైనదే. నా కోపం దాని మీద కాదు.

"లైను నుంచి విడిపోయి మా ఇంటి వరకైనా నడిచే ఏర్పాటు లేదా?"

"ఉందండీ. బ్యాటరీ, ఇంకో రకం ఇన్వర్టరు పెట్టుకోవాలి."

"తుఫానులొచ్చే ఊరికి అమ్ముతూ ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"మీరు అడగలేదు కదా."

ఒళ్లు మండిపోయింది. తెలియనిది ఎలా అడుగుతాం?

తిట్టుకుంటూనే బ్యాటరీ, కొత్త ఇన్వర్టరు పెట్టించాం. లైను పోయినప్పుడు వాడుకోమని పిన్ని ఇంటికి కిటికీలోంచి ఒక వైరు కూడా వేశాం. లైన్‌మన్ చూశాడు.

"ఒకింటి నుంచి ఇంకో ఇంటికి వైరు లాగకూడదమ్మా. తీసేయండి. పైవోళ్లు సూస్తే నా మీదికొస్తాది."

కొన్నాళ్లకి మండలాఫీసులో స్మార్ట్ గ్రిడ్లని కొత్త రకం కరెంటు లైన్ల మీద సభ పెట్టారు. పిన్నీ నేనూ వెళ్లాం. ఒక అధికారి తెర మీద బొమ్మలు చూపించాడు. లైను తెగితే ఊరికి ఊరే విడిపోయి, తన పలకలతో, తన బ్యాటరీలతో నడుస్తుందట. దాన్ని మైక్రోగ్రిడ్ అంటారట. ఇళ్ల మధ్య కరెంటు పంచుకోవడమే అందులో గొప్ప సంగతి అన్నాడు.

నేను లేచాను. "మేం పంచుకుంటే తప్పన్నారు. మీరు చేస్తే గొప్పా? మా ఊరికి ఎప్పుడు పెడతారు?"

"ప్రస్తుతానికి పరిశీలనలో ఉందమ్మా."

పిన్ని కూర్చున్న చోటి నుంచే అంది: "పరిశీలన అయ్యేదాకా మా ఆయన ఊపిరి బిగబట్టుకోవాలా బాబూ?"

టీ ఇచ్చారు. మేం తాగకుండా బయటికొచ్చేశాం.

ఇంటికొచ్చాక కూడా వైరు తీయలేదు. మళ్లీ వాయుగుండం అంటున్నారు. ఎవరైనా వచ్చి తీయమంటే, బాబాయి మంచం దగ్గర నిలబడి ఆ మాట చెప్పమంటాను.