ఎడమచేతి గాట్లు

తాపీమేస్త్రి సూర్యారావుని ఆమదాలవలసలో ఎడం సూర్రావు అంటారు. తాపీ ఎడమచేత్తో పడతాడు, సుత్తి ఎడమచేత్తో వేస్తాడు. అన్నం ఒక్కటి కుడిచేత్తో తింటాడు, అదీ చిన్నప్పుడు వాళ్లమ్మ అట్లకాడ చూపించి అలవాటు చేసింది గనక. అరవైకి రెండేళ్లు తక్కువ. తన పనితనం గురించి గొప్పలు చెప్పుకునే మనిషే, కాదనను. అలాంటివాడు ఆ వారమంతా నోరు మెదపలేదు. టీకొట్టు దగ్గర వాళ్లు జ్వరమేమో అనుకున్నారు.

సంగతేమిటంటే, శ్రీకాకుళం పాతవీధుల్లో ఒక చిన్న మసీదు ఉంది. పేరున్న పెద్ద మసీదు కాదు, నలభైమంది నిలబడితే నిండిపోయేది. దానికొక గుమ్మటం. గోల్కొండ వాళ్ల ఫౌజుదార్లు ఈ ఊళ్లో కొలువున్న రోజుల్లో కట్టిందని ఆ వీధివాళ్లు చెప్పుకుంటారు. వాన పడితే చాలు, గుమ్మటం లోపలంతా చెమ్మ. ఇటుక పొడి నమాజు చేసేవాళ్ల నెత్తిన రాలుతోంది. కమిటీలో జిలానీ అని కుర్ర ఇంజినీరున్నాడు. పాత సున్నం కుళ్లిపోయింది, గుమ్మటం పడగొట్టి స్లాబు పోసేద్దాం అన్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక తేలుద్దామనుకున్నారు. ఈలోగా ఒకసారి పైకెక్కి చూసి చెప్పమని సూర్రావుకి కబురొచ్చింది. గానుగ సున్నం కలపడం తెలిసిన చెయ్యి చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలింది మరి. తెలుసని అతనే చెప్పుకు తిరిగాడనుకోండి, అది వేరే సంగతి.

సోమవారం పరంజా కట్టించుకుని ఎక్కాడు. సుత్తితో తడితే డొల్ల మోత. ఉలి పెట్టి జానెడు మేర సిమెంటు పెచ్చు లేపాడు. వెనకనుంచి నీళ్లు కారాయి. ఆ తడి కింద పాత సున్నపు గచ్చు కనిపించింది. గచ్చు మీద వరసగా ఉలిగాట్లు. కుడిచేతివాడు కొడితే ఎటు వాలాలో అటు వాలలేదవి, రెండోవైపుకి వాలి ఉన్నాయి.

సూర్రావు సుత్తి పక్కన పెట్టి పరంజా మీద కూచున్నాడు. అవి తన చేతి గాట్లు.

గుమ్మటం ఏనాటిదైనా, పైన ఆ గచ్చు తిరగ వేసింది అతని తండ్రి జోగయ్య. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి సున్నం మెదిపి, పైన గుడ్డుసొన పూసి అద్దంలా మెరిపించాడని పేరు. ముప్పైనాలుగేళ్ల కిందట, సూర్రావు విశాఖపట్నంలో క్వార్టర్స్ పని చేసి, సిమెంటు పనివాడినని కాలరెగరేసుకుని వచ్చాడు. సిమెంటు వేస్తే నూరేళ్లు చూసుకోనక్కర్లేదని ఊరంతా నమ్మిన రోజులవి. గుమ్మటానికి సిమెంటు వేయించాలని పట్టుబట్టింది మదార్ సాహెబు, అప్పటికే బళ్లో మేష్టరు. బస్తాలు రిక్షాలో వేయించి పక్కనే నడిచొచ్చాడు. సిమెంటు పట్టుకోవాలంటే కింద గరుకుండాలి. అందుకని సూర్రావు తండ్రి చేసిన నున్నటి గచ్చు నిండా గాట్లు పెట్టాడు. జోగయ్య కింద వీధిలో నిలబడి కాసేపు చూశాడు. భుజాన ఉన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. పోయేదాకా మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

సున్నం గోడ తాగిన నీళ్లు తనే వదిలేస్తుంది. సిమెంటు వదలదు. సన్నటి పగుళ్లలోంచి దిగిన నీళ్లు ఆ గాట్లలో చేరి, బయటికి దారి లేక ఇటుకని తినేస్తూ వచ్చాయి. ఇది సూర్రావుకి అక్కడ, పరంజా మీద కూచుని ఉండగా తెలిసింది.

"ఏటి తాతా, ఎలాగున్నాది?" అని కిందనుంచి జిలానీ అడిగాడు.

సూర్రావు ఏం చేశాడో చెప్తే నమ్మరు. ఇంత మట్టి తడిపి పెచ్చుని ఎక్కడిదక్కడ అంటించేశాడు. "సూడాలి బాబూ. రెండ్రోజులు సూడాలి," అని దిగొచ్చేశాడు.

దిగాడే గానీ బుర్రంతా కందిరీగల పట్టు. నోరు మూసుకుంటే నాన్న సున్నం కుళ్లిపోయిందన్న మాటే నిలుస్తుంది, గుమ్మటం పడుతుంది. నోరు తెరిస్తే తన పేరు పోతుంది. అది కూడా కాదు అతన్ని తినేస్తున్నది. ఆ రోజు తను దొంగపని చేయలేదు. ఇసక జల్లించాడు, పాళ్లు తప్పలేదు, పదిరోజులు నీళ్లు పట్టాడు. మంచి పనే చేశాడు. మంచిపని చేసినవాడే పాడుచేసినవాడెలా అయ్యాడో ఎంత తిప్పి తిప్పి చూసుకున్నా అంతు చిక్కలేదు.

మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. పైకెక్కడు, వరండాలో కూర్చుంటాడు. అక్కడ మదార్ సాహెబు మేష్టారు రిటైరై పన్నెండేళ్లయినా రాత మానకుండా, శుక్రవారం కుర్రాళ్లకి చెప్పడానికి ఉపన్యాసం రాస్తున్నాడు. ఇస్లాం నాగరికత ఎలా లేచింది, ఎలా పడింది, మళ్లీ ఎలా లేవాలి, అదీ విషయం. వినేవాడు దొరికాడని సంబరపడి సూర్రావుకి చదివి వినిపించాడు. బాగ్దాదులో ఖలీఫాలు ఊరూరి పుస్తకాలూ తెప్పించి అరబ్బీలో రాయించడం, మన దేశపు సున్నా అక్కణ్ణించి లోకానికి పోవడం, వైద్యులు, చుక్కల లెక్కలవాళ్లు, ఒకటని కాదు.

సూర్రావుకి వీటిలో ఒక్కటే కావాలి. "ఇంతకీ పాడుసేసిందెవులు మేష్టారూ?"

"హులాగు. మంగోలు వాడు. పన్నెండువందల యాభైఎనిమిదిలో బాగ్దాదు మీద పడి నాశనం చేసేశాడు. పుస్తకాలు నదిలో పోస్తే సిరాతో నీళ్లు నల్లగా పారాయని చెప్తారు."

సూర్రావు ఊపిరి తీసుకున్నాడు. పైనుంచి ఎవడో వచ్చి పాడుచేశాడు, బాగానే ఉంది. ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. పొద్దున్నకి మళ్లీ అనుమానం.

"మేష్టారూ, బాగ్దాదు పడిపోయి ఎన్నాళ్లకి ఈ గుమ్మటం కట్టినారు?"

"మూడు నాలుగు వందల ఏళ్లకి."

"పడిపోతే మరిదెలాగ కట్టినారు?"

మేష్టారు కలం మూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒకచోట పడితే ఇంకోచోట లేచిందన్నాడు. సమర్కందు అన్నాడు, ఇస్తాంబులు అన్నాడు, ఢిల్లీ, గోల్కొండ అన్నాడు. హులాగు రాకముందే లోపల గుల్లయిపోయిందనే వాళ్లూ ఉన్నారన్నాడు. "ఇంకో తమాషా సూర్రావూ. బాగ్దాదుని కాల్చిన మరుసటేడే ఆ హులాగే మరాగా అనే ఊళ్లో చుక్కల్ని చూసి లెక్కగట్టడానికి పెద్ద కట్టడం మొదలెట్టించాడు. ముస్లిం పండితుణ్ణే దానికి పెద్దగా పెట్టాడు."

"పాడుసేసినోడేనా కట్టించినాడు?"

"వాడే."

"తప్పయిపోనాదని ఎవులికైనా సెప్పినాడా?"

"పుస్తకాల్లో లేదు," అన్నాడు మేష్టారు. అని గుమ్మటం కేసి చూశాడు. ఈయనకి ఆ రిక్షా బస్తాలు గుర్తున్నాయో, గుర్తుండే ఈ హులాగుని పట్టుకు వేలాడుతున్నాడో సూర్రావుకి బోధపడలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

శుక్రవారం వచ్చింది. నమాజు అయ్యాక పెద్దలంతా వరండాలో చాపల మీద కూర్చున్నారు. మేష్టారి చేతిలో ఉపన్యాసం కాగితాలు. జిలానీ స్లాబు నక్షా పరిచి, "ఆ కాలానికది గొప్పే. ఇప్పుడా సున్నం చచ్చిపోయింది. చచ్చినదాన్ని పట్టుకుని ఎన్నాళ్లు ఏడుస్తాం?" అన్నాడు. తప్పు మాటేం కాదు, కుర్రాడికి తెలిసింది అంతే. నలుగురు తలూపారు.

సూర్రావు లేచి నిలబడ్డాడు. లేవాలని అతను అనుకోలేదు.

"సున్నం సావలేదు బాబూ. మా నాన్న గచ్చు గట్టిగానే ఉన్నాది. దానికి గాట్లెట్టి సిమెంటేసింది నాను. ఆ సిమెంటు నీళ్లు పట్టీసింది. సోమవారమే సూసినాను. సూసి మట్టెట్టి కప్పీసినాను."

జిలానీ నక్షా చుట్టేస్తూ, "ఎవరు వెయ్యమంటే వేశావు?" అని అడిగాడు.

"ఎవులూ అన్లేదు. నా ఒళ్లు కొవ్వు."

అప్పుడు మదార్ సాహెబు మేష్టారు కాగితాలు చాప కింద పెట్టాడు. "నేనన్నాను," అన్నాడు. "మా నాయన వద్దురా అన్నాడు. చదువుకున్నవాడిని నాకు తెలీదా అన్నాను. నలభై ఏళ్లు పిల్లలకి హులాగు కథ చెప్పాను. ఈ వీధికి ఏ హులాగూ రాలేదు."

జిలానీ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపంగా కాదు, నిజంగా తెలీక అడిగాడు. "మీరిద్దరూ కలిసి పాడుచేసినదాన్ని మళ్లీ మీ చేతుల్లోనే ఎందుకు పెట్టాలి?"

సూర్రావు తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. "నాకూ తెలీదు బాబూ. పాడుసేసిన హులాగే మళ్లీ ఎందుకు కట్టించినాడో మేష్టార్ని అడుగు."

ఒక ముసలాయన నవ్వాడు, తర్వాత తక్కినవాళ్లు. నవ్వేం తీర్పు కాదు గానీ పడగొట్టే మాట ఆ పూటకి ఆగింది. గుమ్మటం తూర్పువైపు భాగం ఒక్కటి సూర్రావు సున్నంతో చెయ్యాలి. ఒక వానాకాలం చూస్తారు. చెమ్మ దిగితే పడగొట్టడమే.

అసలు చిక్కు ఇంటికెళ్లాక తెలిసింది. కరక్కాయ ఎన్నాళ్లు నానాలో అతనికి గుర్తులేదు. ఊరంతా తెలుసని చెప్పుకున్న మనిషి, పెరట్లో కుండ ముందు గొంతుక్కూర్చుని భార్యని అడిగాడు.

"తొమ్మిది రోజులు," అంది కూర్మమ్మ, బియ్యం ఏరుతూ. "మామయ్య ఆ నీళ్లు నా సేతే మోయించీవోడు. కొత్త సీరలన్నీ మరకలే. నువ్వప్పుడు విశాపట్నంలో ఉన్నావు కదేటి."

పదోరోజు పరంజా ఎక్కాడు. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. దాని కింద ముప్పైనాలుగేళ్లుగా చీకట్లో ఉన్న గచ్చు బయటపడింది. గాటుకీ గాటుకీ మధ్య ఇంకా మెరుస్తోంది. నాన్న చెయ్యి కుడికి తిరిగిన జాడ, దాని మీద తన గాట్లు ఎడమకి. అరచెయ్యి పెట్టి తడిమాడు. ఏడుపొచ్చింది, ఏడిచాడు. ఆ రోజు నాన్న ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది, ఎందుకు తిట్టలేదో ఇప్పటికీ తెలీదు.

తాపీ తీసుకుని మొదటి గాటులో సున్నం కూరాడు. తర్వాత రెండోది. మధ్యలో ఆగి, పరంజా అంచుకి జరిగి, తువ్వాలు భుజాన వేసుకున్నవాడెవడైనా కింద నిలబడ్డాడేమోనని వీధిలోకి చూశాడు.