ఎనిడ్ సగ్డెన్ అడిగిన ఒక్క ప్రశ్న

ఎనిడ్ సగ్డెన్‌కి రెండంటే ఒళ్ళు మంట. ఒకటి చల్లారిపోయిన టీ. రెండోది, సైకిలు తొక్కుతున్న మనిషిని చూసి కారు అద్దం దించి "పక్కకి పోవే ముసలీ" అని అరిచే మగాడు. టీని సింకులో పారబోసేది. ఆ మగాణ్ణి మాత్రం సిగ్నల్ దగ్గర పట్టుకుని, కిటికీ మీద టకటకా కొట్టి, "ఏం నాయనా, ఈ రోడ్డు మీ తాత నీ పేర రాసిపోయాడా?" అని అడిగేది. వాడు ముందుకి చూస్తూ కూర్చునేవాడు. పచ్చదీపం వెలిగేదాకా ఎక్కడికి పోతాడు?

మా థార్న్‌రాయిడ్‌లో చదునుగా ఉండేది ఒక్క ఫుట్‌బాల్ మైదానమే. మిగతా ఊరంతా ఎక్కడమో దిగడమో. ఆ ఎత్తుల మీద పద్నాలుగేళ్ళ పిల్లగా మాంసం కొట్టు డెలివరీ సైకిలు తొక్కింది ఎనిడ్. "ఆడపిల్లవి, చాపెల్ కొండ ఎక్కలేవు" అన్నాడట కొట్టువాడు. ఆ మాటతోనే ఎక్కేసింది. తర్వాత బడి వంటింట్లో ముప్పై ఏళ్ళకి పైగా బంగాళాదుంపలు ఉడకేసింది, బస్సు డిపోలో మెకానిక్ విల్ఫ్‌ని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని కంది. సైకిలు మాత్రం దిగలేదు. అరవై ఆరేళ్ళప్పుడు కూడా ఆదివారం వచ్చిందంటే మా సైకిల్ క్లబ్బు వాళ్ళతో యాభై మైళ్ళు తిరిగి, దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, కాల్చిన రొట్టె మీద చిక్కుళ్ళు పోయించుకుని తినేది.

సభ్యులకి బీమా, లాయర్ని ఇచ్చే సైకిలువాళ్ళ సంఘాలు ఆవిడకి పట్టేవి కావు. "నా కాళ్ళే నా బీమా" అనేది. అర్నాల్డ్ సంగతి జరిగేదాకా ఆ మాట చెల్లింది.

అర్నాల్డ్ గ్రీన్‌వుడ్ మా క్లబ్బులో కొండలెక్కడానికి పెట్టింది పేరు. వెనకనుంచి ఒక వ్యాను వచ్చి గుద్దింది, తుంటి విరిగింది. రోడ్డు మీద పడి ఉండి, వ్యాను దిగొచ్చినవాడితో అర్నాల్డ్ అన్న మొదటి మాట "సారీ". అయిపోయింది! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు తనదే కాబట్టి సారీ అన్నాడని ఆ వ్యాను బీమావాళ్ళు రాశారు. అర్నాల్డ్ వెనక ఏ సంఘమూ లేదు. భయపడి, సగం తప్పు నాదేనని సంతకం పెట్టేశాడు. తుంటి అతుక్కుంది గానీ మనిషి మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు. ఆదివారం కూతురు కారులో తీసుకొచ్చి టీ కొట్టులో దింపితే, మేం వచ్చేదాకా మూల కుర్చీలో కూర్చునేవాడు.

"నేనన్నది సారీయే కదే ఎనిడ్," అన్నాడు ఒకరోజు. "తప్పు నాదని అన్లేదుగా."

"మరి సంతకమెందుకు పెట్టావయ్యా, చచ్చు దద్దమ్మా?"

"వాళ్ళు అన్నిసార్లు రాస్తే, నిజంగానే నాదేనేమో అనిపించింది."

ఆ మాటకి ఎనిడ్ చెంచా కింద పెట్టేసింది. చేసింది మరొకడు, మోసేది ఈయన! పైగా తప్పు తనదేనని ఈయనకే నమ్మకం కలిగించారు. ఎనిడ్ చిక్కుళ్ళ పళ్ళాన్ని పక్కకి నెట్టేసింది.

మర్నాడే సంఘం వెతకడం మొదలుపెట్టింది. క్లబ్బు కార్యదర్శి డెస్మండ్ ఎగిరి గంతేశాడు. "సైకిలు రేసుల సమాఖ్యలో చేరండి ఎనిడ్ గారూ! బీమా ఉంది, లాయర్లున్నారు, కొట్లలో తగ్గింపు, పైగా మంచి జెర్సీ ఇస్తారు."

"నాకు జెర్సీ ఎందుకు నాయనా? నేనేమన్నా కోర్టుకి జెర్సీ వేసుకెళ్తానా?"

ఆవిడ ఫోను తీసుకుని రేసుల సమాఖ్యకే ముందు చేసింది. తగ్గింపులూ జెర్సీలూ ఏకరువు పెడుతున్న కుర్రాణ్ణి మధ్యలో ఆపి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నన్ను కారు గుద్దింది. తప్పు కారుది. నేను వాడికి సారీ చెప్పాను. అప్పుడు మీరు నా పక్కన నిలబడతారా, లేదా?"

కుర్రాడు కాగితాలు తిప్పాడు. "మేడమ్, ప్రమాదం జరిగిన చోట సభ్యులెవరూ ఏమీ మాట్లాడకూడదని మా సలహా."

"సలహా బంగారంలా ఉంది. కానీ నోరు జారింది. అప్పుడో?"

"అప్పుడు... గెలిచే అవకాశం ఎంతుందో చూసి చెప్తామండీ."

"అంటే నేను గెలుస్తానని తేలాక వచ్చి నిలబడతారన్నమాట. ఉంటాను నాయనా."

రెండోది పాత సంఘం, సైకిలు మీద ఊళ్ళు తిరిగేవాళ్ళది. ఫోనెత్తిన ఆవిడ గొంతు వింటే వయసు ఎనిడ్ వయసే. ప్రశ్న విని పకపకా నవ్వింది.

"ఏం తల్లీ, ఈ దేశంలో పుట్టి, గుద్దించుకుని, సారీ అననివాళ్ళుంటే మాకే అనుమానమొస్తుంది. మా అమ్మ దీపస్తంభాన్ని ఢీకొని దానికి కూడా సారీ చెప్పింది. సారీ అన్నావని నిన్ను వదిలెయ్యం. తప్పు నీదైతే, నీవల్ల నష్టపోయినవాళ్ళకి కట్టడానికి బీమా ఉంది. నీది కాకపోతే లాయరున్నారు. అబద్ధమాడావో, రెండూ లేవు."

"నాకు అబద్ధాలు రావు," అంది ఎనిడ్, ఆ పూటే చేరిపోయింది.

డెస్మండ్ ఊరుకుంటాడా? "గడ్డాల తాతల సంఘంలో చేరారటగా!" అని టీ కొట్టులో అందరిముందూ ఆటపట్టించాడు.

"గడ్డాలదేముందిరా, వాటి పైనున్న నోళ్ళు బాగానే పనిచేస్తున్నాయి," అంది ఎనిడ్. అర్నాల్డ్ చాన్నాళ్ళకి నవ్వాడు.

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, ఎనిడ్ చాపెల్ కొండ దిగుతోంది. రొట్టెల కొట్టు సందులోంచి ఒక బూడిదరంగు కారు, ఆగాల్సిన గీత దగ్గర ఆగకుండా ముక్కు బయటపెట్టింది. ఎనిడ్ బ్రేకు నొక్కింది, తడి ఆకుల మీద చక్రం జారింది, కారు దీపానికి తగిలి ఆవిడ రోడ్డు మీద పడింది. మణికట్టు దగ్గర పుటుక్కుమన్న చప్పుడు ఆవిడకే వినిపించింది. కారులోంచి క్లైవ్ థాక్రే అనే మనిషి, ఊళ్ళో వంటింటి అల్మరాలు బిగించే వ్యాపారం చేసేవాడు, పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఎనిడ్ నోటివెంట వచ్చిన మాట ఏమిటనుకున్నారు? "సారీ నాయనా, సారీ." ఛీ! అర్నాల్డ్‌ని అన్నాళ్ళు చీల్చి చెండాడిన నోరే! ఆ తర్వాత "నా సైకిలుకేమైంది?" అని అడిగింది. చెయ్యి సంగతి మూడోది. కుక్కని తిప్పుతూ చప్పుడు విని వెనక్కి తిరిగిన ఒకావిడ గుద్దడం చూడలేదు గానీ, ఆ సారీలు మాత్రం చక్కగా విన్నది.

కట్టుతో ఇంట్లో ఉండగా థాక్రే బీమావాళ్ళ ఉత్తరం వచ్చింది. ప్రమాదస్థలంలో సాక్షి ముందు మీరు తప్పు ఒప్పుకున్నారు కాబట్టి పగిలిన కారు దీపం మీరే బాగు చేయించాలని అందులో ఉంది. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు!

ఎనిడ్ ఉత్తరాన్ని సంఘానికి పంపింది. సంఘం ఫరీదా మీర్జా అనే లాయరమ్మని ఇచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ అమ్మాయి, పొడి మాట, చురుకైన చూపు. ఆ అమ్మాయి రాయడం మొదలుపెట్టాక బీమావాళ్ళు ఒక మెట్టు దిగి, చెరిసగం తప్పని ఒప్పుకుందామన్నారు.

విల్ఫ్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఒప్పేసుకోవే. నీకీ వయసులో కోర్టులెందుకు?"

"సగం తప్పేమిటయ్యా? నేనేమన్నా సగమే రోడ్డు మీదున్నానా?"

"నువ్వు బయల్దేరిన దగ్గర్నుంచి తలుపు చప్పుడయ్యేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడుంటాను. తెలుసా నీకు?" అన్నాడు విల్ఫ్. "ఇక చాలు ఎనిడ్. సైకిలు అమ్మెయ్."

ఆవిడకి ఆ సంగతి నిజంగానే తెలియదు. ఒక్క క్షణం మెత్తబడింది కూడా. కానీ మూల కుర్చీలో అర్నాల్డ్ గుర్తొచ్చాడు.

"సరే, విను. పిసరంత తప్పు నాదని జడ్జి అన్నా, ఆ సాయంత్రమే అమ్మేస్తాను. అనలేదా, కాళ్ళాడినన్నాళ్ళూ తొక్కుతాను. నువ్వు మళ్ళీ ఆ మాటెత్తకూడదు."

విల్ఫ్ తల ఊపాడు. అన్నమాట మీద నిలబడే మనుషులు ఇద్దరూ.

ఫరీదా దాపరికం లేకుండా చెప్పింది. "ఓడిపోవచ్చు కూడా, మిసెస్ సగ్డెన్. గుద్దడం ఎవరూ చూడలేదు. మీరన్న మాట ఒకరు విన్నారు. అయినా మీరు వెళ్దామంటే సంఘం వెళ్దామంటోంది. సారీ అన్నారా అని అడుగుతారు. ఏం చెప్తారు?"

"అన్నాననే చెప్తాను. అన్నాను కాబట్టి."

"అయితే పదండి," అంది ఫరీదా.

కోర్టుగదిలో జడ్జి, నెరిసిన జుట్టావిడ, కళ్ళద్దాల పైనుంచి చూస్తోంది. వెనక బెంచీ మీద విల్ఫ్, పక్కన అర్నాల్డ్. అవతలి పక్క లాయరు పొడుగాటి యువకుడు, మాటకి మాట తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు.

"మిసెస్ సగ్డెన్, మీరు మిస్టర్ థాక్రేకి సారీ చెప్పారా?"

"చెప్పాను."

"ఒక్కసారేనా?"

"కాదు. ఇంకోసారి కూడా అన్నట్టున్నాను."

వెనక విల్ఫ్ కళ్ళు మూసుకున్నాడు.

"తప్పు చెయ్యని మనిషి, చెయ్యి విరిగి రోడ్డు మీద పడున్న మనిషి, ఎదుటివాడికి పదేపదే సారీ ఎందుకు చెప్తుందండీ?" అని అడిగి, అతను జవాబు అక్కర్లేదన్నట్టు కాగితాలు సర్దుకోబోయాడు.

"బాబూ," అంది ఎనిడ్. "పొద్దున లిఫ్టు దగ్గర మీరు వెనక్కి అడుగేసి నా కాలు తొక్కారు. గుర్తుందా?"

అతని మొహం ఎర్రబడింది. "సాక్షి ప్రశ్నలు అడక్కూడదు," అంది జడ్జి. కాస్త ఆగి, "అయినా గుర్తుందా మీకు?" అని తనే అడిగింది.

"ఉంది మేడమ్."

"సారీ అన్నదెవరు?" అంది జడ్జి.

"...ఆవిడేనండీ."

"మరి తొక్కిన కాలెవరిది?" అని ఎనిడ్ అడిగేసింది, అడక్కూడదన్నా.

గదిలో ఎవరూ నవ్వలేదు. అర్నాల్డ్ మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వో ఏడుపో పక్కనున్న విల్ఫ్‌కి కూడా తెలియలేదు.

తర్వాత థాక్రే వంతు వచ్చింది. జడ్జి సూటిగా అడిగింది. "కారు దిగి మీరేమన్నారు?"

ఆయన టై సర్దుకున్నాడు, తన లాయరు వంక చూశాడు, ఎనిడ్ వంక చూశాడు. "సారీ అన్నానండీ. ఆవిడ కంటే ముందే. అది రాయక్కర్లేదని బీమావాళ్ళన్నారు."

"గీత దగ్గర ఆగారా?"

ఆయన మళ్ళీ టై సర్దుకున్నాడు. "లేదండీ," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత జడ్జి తీర్పు చదివింది. తప్పు పూర్తిగా మిస్టర్ థాక్రేదే, మిసెస్ సగ్డెన్‌ది ఏమాత్రమూ లేదు. 'ఏమాత్రమూ' అన్నచోట ఎనిడ్ వెనక్కి తిరిగి విల్ఫ్‌ని చూసింది. అతను తల ఊపాడు. మాట మాటే.

బయట మెట్ల మీద థాక్రే కాచుకుని ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని, "మిసెస్ సగ్డెన్, నేను... సారీ అండీ," అన్నాడు.

ఆవిడ నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరు సారీ అన్నా ఆ నోరు ఆ జవాబే చెప్పింది. ఎనిడ్ దాన్ని మింగేసింది. అతని కళ్ళలోకి చూసింది, ఒక్కసారి తలాడించింది, మెట్లు దిగిపోయింది. థాక్రే అక్కడే నిలబడిపోయాడు.

విల్ఫ్ గబగబా వెనకే వచ్చాడు. "పాపం, అంత పెద్దమనిషి సారీ చెప్తుంటే, పర్లేదులే అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"పర్లేకపోతే కదయ్యా పర్లేదనడానికి," అంది ఎనిడ్.