చేతిపంపు కోసం తీసిన వీడియో

పాలకుర్తి దగ్గరి ఒక తండాలో చేతిపంపును బాగుచేస్తామని విప్పుకుపోయిన ఆఫీసువాళ్లు రెండేళ్లు దాటినా దాన్ని తిరిగి బిగించలేదు. పైగా అది పనిచేస్తున్నట్టే కాగితాల్లో రాసుకున్నారు.

నేను బడి మొహం చూసినవాణ్ని కాదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. తండా తరఫున అర్జీ మీద అర్జీ రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అవి రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. ఎవరి సెల్‌ఫోన్‌లో చూసినా ధర్నాల వీడియోలే. మనమూ ఒకటి తీద్దామని తట్టగానే నాకు కాలు నిలవలేదు. పెళ్లి వీడియోలు తీసే ఒకతన్ని పట్టుకుని, రాష్ట్రం కోసం ఊళ్లో వేసిన దీక్షా శిబిరంలోనే ఆలోచనకు కూర్చున్నాం.

"ఆఖర్ల రాష్ట్రం గావాలె అని పెడుదం పెద్దనాయినా. రాష్ట్రమొస్తే నీళ్లు గవే వస్తయ్," అన్నాడు శిబిరంలో ఒకాయన.

"అందాక తండోళ్లు గొంతెండ కూసోవాల్నా? రాష్ట్రం నేను గూడ అడుగుత. గీ వీడియో మాత్రం పంపు ఒక్కటే అడుగుతది. జనగామల ఆఫీసర్ ఒక్కడు సూస్తే సాలు!"

"జర పాట పెడ్త. బిందెల మీద పూలు రాలిపిస్త," అన్నాడు వీడియో అతను.

"పెండ్లా గిది?"

మర్నాడు తండాకు పోయి చూద్దును కదా, వాకిళ్లు అలికి ఉన్నాయి. ఇంటింటి ముందూ నిండు బిందెలు! ఆడవాళ్లంతా అద్దాల రవికెలు తొడుక్కుని నిలబడ్డారు.

"గిదేందవ్వా! నీళ్లు లేవని సూపియ్యాలె గద!"

పెద్దావిడ కసురుకుంది. "ఇంటికి మనుషులొస్తుంటే ఖాళీ బిందె ఎదురు పెడ్తమా బాపూ? మాకు మర్యాద తెల్వదా?"

అప్పుడు వెలిగింది నాకు. "మంచిదవ్వా. గిన్ని నీళ్లు యాడికెల్లి తెచ్చినవో గది సూపియ్యి."

ఆమె బిందె చంకనెత్తుకుంది. కెమెరా వెనకాలే నడిచింది. పంపు లేని సిమెంటు దిమ్మె, పత్తిచేను, దొర పొలంలో బావి, జారుడు మెట్లు, మళ్లీ అదే దారిన వెనక్కి. వీడియో అతనికి ఎగపోత వచ్చింది.

"తాతా, ఆపుదమా?"

"ఆమె ఆగినంక ఆపు!"

గడపలో బిందె దించి ఆమె ఒక్క మాట అంది: "మా పంపు మాకియ్యుండ్రి."

పాట లేదు, పూలు లేవు. సీడీ పట్టుకుని జనగామ పోయి, ఆఫీసర్ మొత్తం చూసేదాకా కుర్చీ వదల్లేదు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది:

"తమరి వీడియో చూడడమైనది. సోమవారం మెకానిక్ పంపుతో సహా తండాకు వచ్చును. దయచేసి దీనిని మరెవ్వరికీ చూపవద్దని మనవి."