మామయ్య బండి యావరేజ్

మా మామయ్య పోయారు. బడులు తెరిచి ఎన్నాళ్లో కాలేదు, వానలు ఇంకా మొదలు కాలేదు. నేను పాఠాలు చెప్పే బడికి తయారవుతుంటే అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మీ మామ లేస్తలేడు" అంది. గొంతులో ఏడుపు లేదు. బండి స్టార్ట్ కావడం లేదని చెప్పినట్టే చెప్పింది. నేను వెళ్లి చూసేసరికి ఆయన గోడవైపు తిరిగి, ఎప్పటిలాగే ఒక చెయ్యి తల కింద పెట్టుకుని ఉన్నారు. నిద్రలోనే పోయారని డాక్టరు చెప్పాడు.

పరామర్శకు వచ్చినవాళ్లు ఆయన మంచితనం గురించి కాసేపు మాట్లాడి, తర్వాత తప్పకుండా పెట్రోలు దగ్గరికి వచ్చేవారు. పెట్రోలు విషయంలో అంత పిసినారిని ఈ చుట్టుపక్కల చూడలేదని నవ్వుకునేవారు. చావింట్లో నవ్వారని నాకేమీ కోపం రాలేదు, ఆయన ఉంటే తనూ నవ్వేవారు. ఆ మాట అబద్ధం కూడా కాదు. కాకపోతే అది సగం మాటే. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

మామయ్య మణుగూరు బొగ్గు గనుల్లో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. బూర్గంపాడులో ఇల్లు కట్టుకున్నారు. నేను మధిర పిల్లను. ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే షుగరు వల్ల ఆయన ఎడమకాలిని మోకాలి కింద తీసేశారు. కాలు లేనివాళ్ల కోసం పక్కన చిన్న చక్రాలు తగిలించిన స్కూటర్లు దొరుకుతాయి కదా, అదొకటి కొనుక్కుని ఊళ్లో తిరగమని ఇంట్లో అందరూ చెప్పారు. ఆయన వినలేదు. తన పాత మోటారు సైకిలునే పాల్వంచలో ఒక వెల్డింగు షాపుకు పంపి, వెనక చక్రం తీయించి, ఆటోకు ఉన్నట్టు ఇరుసు వేయించి రెండు చక్రాలు పెట్టించారు. ఎడమకాలితో మార్చాల్సిన గేర్లకు చేతికందేలా ఒక కడ్డీ వచ్చింది. వెనక అత్తమ్మ కోసం వెడల్పాటి సీటు, నడుముకు దిండు, సామానుకు ఒక రేకు పెట్టె. అంతా అయ్యాక చూస్తే అది మోటారు సైకిలూ కాదు, ఆటో కూడా కాదు. వీధిలోవాళ్లు దానికి ముక్కాలిపీట అని పేరు పెట్టారు. ఆయన మాత్రం టూరింగ్ బండి అనేవారు.

నిజంగానే టూర్లు తిరిగారు. పొద్దున్నే టీ తాగి, "ఇయ్యాల ఏ లైను?" అని అత్తమ్మను అడిగేవారు. బస్సులవాళ్లలాగ ఆయనకు ఊళ్లు ఉండేవి కావు, లైన్లు ఉండేవి. చర్ల లైను, ఏటూరునాగారం లైను, కూనవరం లైను. ఏ దేవుడి దగ్గరికో, ఏ చుట్టం దగ్గరికో కాదు. వెళ్లడం, ఒక చెట్టుకింద ఆగి తినడం, తిరిగి రావడం. అత్తమ్మకు పెళ్లయినప్పటినుంచీ క్వార్టరు, వంట, షిఫ్టుల క్యారియర్లే లోకం. అడవిని అంత దగ్గరగా చూసింది ఆయన కాలు పోయాకే. ఈ మాట ఆమే నాతో అంది, కొంచెం సిగ్గుపడుతూ.

ఇక యావరేజ్ సంగతి. లీటరుకు బండి ఎంత దూరం నడుస్తుందో దాన్ని మేం మైలేజీ అంటాం, ఆయన యావరేజ్ అనేవారు. నేను లెక్కల టీచర్ని. సగటు అంటే అది కాదని, అన్నీ కూడి భాగించాలని ఒకసారి చెప్పబోయాను. "గది బడి యావరేజ్ బిడ్డా. ఇది బండి యావరేజ్" అన్నారు. పైగా ఆయన అంకె ఎప్పుడూ చెప్పరు. లీటరు పోస్తే ఎంత వస్తుందని అడిగితే, ఎదురుగాలి లేకుంటే భద్రాచలం పోయి వస్తుందని, అత్తమ్మ సంచి బరువైతే వచ్చేటప్పుడు సారపాకలోనే ఆగుతుందని చెప్పేవారు.

చక్రాలు మార్చకముందు ఇచ్చినదాంట్లో బండి ఇప్పుడు ఇంచుమించు సగమే ఇచ్చేది. చక్రం ఎక్కువ, ఇనుము ఎక్కువ, గాలికి అడ్డం ఎక్కువ. ఆ పోయిన సగాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఆయన పడని పాట్లు లేవు. బ్రేకు వేయడం ఆయన దృష్టిలో ఓడిపోవడం. ముందు గేదెలు కనబడగానే ఎంతో దూరంనుంచే ఎక్సలేటరు వదిలేసేవారు. బండి నెమ్మదిగా, నెమ్మదిగా వెళ్లి, ఆ గేదెలు దాటి పోయేసరికి సరిగ్గా అక్కడికి చేరేది. ఎక్సలేటరును పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలని చెప్పేవారు. నా స్కూటీ మీద నేను వెళ్లే తీరు చూసి, నువ్వు ఆ పిల్లను ఈడ్చుకుపోతున్నావు అనేవారు.

అన్నీ నిజాలేమీ కావు, వట్టి నమ్మకాలూ ఉన్నాయి. హారన్ కొడితే పెట్రోలు తాగుతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని మేకలు అడ్డమొస్తే నోటితో అరిచేవారు. తెల్లవారుజామున పెట్రోలు చల్లగా చిక్కగా ఉంటుందని, బంకు తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడేవారు. బయలుదేరే ముందు అత్తమ్మ సంచి చేత్తో ఎత్తి చూసి ఏదో ఒకటి తీసి బయట పెట్టేవారు. ఒకసారి పచ్చడి సీసా, ఒకసారి ఇంకో చీర. ఆమె దాన్ని మళ్లీ చీర కొంగులో దాచుకుని ఎక్కేది. దిగాక ఆ సీసా చూసి, "ఏంది, గిది ఏడికెళ్లి వచ్చింది?" అని ఆయన, అదే వచ్చిందని ఆమె. నాకు ఇద్దరూ ఇష్టమే కాని, ఈ పంచాయితీలో అత్తమ్మ పక్షం.

ఆయన పెట్రోలు పిచ్చి వెనక ఏముందో ఒక ఎండాకాలం సెలవుల్లో తెలిసింది. వాళ్లిద్దరితో నేనూ చర్ల లైనుకు బయలుదేరాను. సీటు వెడల్పు కదా, వెనక అత్తమ్మా నేనూ పట్టాం. నా బరువు లెక్కలో లేదని ఆయన కొంచెం గొణిగారు. తిరిగొచ్చేటప్పుడు చర్లలో పోయించుకుందామంటే బంకులో స్టాకు లేదు, పైపులు మడిచి పెట్టారు. పక్కనే కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్రోలు పెట్టి అమ్ముతున్నారు. అందులో కిరసనాయిలు కలుపుతారని ఆయన దాని వంక చూడను కూడా చూడలేదు. ఇంటిదాకా వస్తుందని లెక్క కట్టి బయలుదేరదీశారు.

లెక్క తప్పలేదేమో, దారి తప్పించింది. ముందు ఒక కల్వర్టు దగ్గర లారీ అడ్డంగా ఇరుక్కుంటే అడవిలోంచి చుట్టుదారిలో రావలసి వచ్చింది. పైగా వాన పట్టే ముందు గాలి, ఎదురుగా. బండి రిజర్వులో పడింది. కొంతసేపటికి రిజర్వు కూడా అయిపోయి, రెండుసార్లు గుక్కపట్టి ఆగిపోయింది. చుట్టూ టేకు చెట్లు, ఒక్క ఇల్లు లేదు.

నేను దిగి, ఇందులో కంగారేముంది మామయ్యా, ఒక పక్కకు వంచితే సరి కదా అన్నాను. పెట్రోలు బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. ట్యాంకు అడుగు మధ్యలో గూనిలా పైకి లేచి ఉంటుంది. ఎడమపక్క ఉన్న పెట్రోలే ఇంజనుకు దిగుతుంది. కుడిపక్క కొంచెం మిగిలిపోతుంది. బండిని ఎడమకు పడుకోబెడితే అదీ ఇటు వస్తుంది, పక్క ఊరిదాకా నడుస్తుంది. ఆ మాట అన్నాకే నాకు ముందున్న బండి కనబడింది. మూడు చక్రాల మీద నేలకు కరుచుకుని ఉంది. అది వంగదు.

మామయ్య నా వంక చూడకుండా, హ్యాండిలు మీద చేతులు పెట్టుకుని చెప్పారు. "గందుకే బిడ్డా, పెట్రోలంటే నాకు గంత పిసినారితనం. పైసల కోసం కాదు. రెండు కాళ్లు ఉన్నోడు బండి ఆగితే నూకుకుంట పోతడు. నాది ఆగితే ఎవలనన్న పట్టుకొమ్మని అడగాలె. గా అడుగుడు నాకు రాదు."

అత్తమ్మకు ఎప్పుడో తెలుసని ఆమె ముఖం చూస్తే అర్థమైంది. బ్రేకు వేయకపోవడం, సంచి తూచడం, మేకల మీద అరవడం, అన్నీ ఆ ఒక్క అడగడాన్ని తప్పించుకోవడానికేనని నాకు అప్పుడు తెలిసింది. నవ్వులాట అనుకున్నది నవ్వులాట కాకుండా పోయింది. ఆయన మీద నాకు జాలి కలిగింది. జాలి కనబడితే ఆయన ఓర్చుకోలేరు కాబట్టి చెట్లవైపు చూస్తూ నిలబడ్డాను.

బీడీలు చుట్టే తునికాకు కల్లం నుంచి తిరిగి వస్తున్న కోయవాళ్లు కొందరు అటుగా వచ్చారు. ఆడవాళ్లే ఎక్కువ. మామయ్య వాళ్లను చూసి తల తిప్పుకున్నారు. అత్తమ్మే ఎదురెళ్లి సంగతి చెప్పింది. వాళ్లు తమ భాషలో ఏదో అనుకున్నారు, ఒక పెద్దావిడ బండి చుట్టూ తిరిగి చూసింది. బండి ఎందుకు వంచాలో ఆమెకు చెప్పనక్కరలేకపోయింది, వాళ్లింట్లోనూ మోటారు సైకిలు ఉందట. మామయ్య కర్ర అందుకుని దిగబోయారు.

"దిగకు తాతా, కూసో" అంది ఆవిడ. "నిన్ను దించి, మళ్ల ఎక్కిచ్చి, గదంత ఎందుకు. నీతోని కలిపే లేపుతం."

అందరూ కుడివైపు చేరి ఆ చక్రాన్ని నేలమీదినుంచి పైకి ఎత్తారు. నేనూ ఒక చెయ్యి వేశాను. మామయ్య ట్యాంకును రెండు చేతులా వాటేసుకుని ఎడమవైపుకు ఒరిగిపోయి ఉన్నారు. ట్యాంకు లోపల పెట్రోలు ఈ పక్కకు జారిన చప్పుడు అందరికీ వినబడింది. వాళ్లకు నవ్వొచ్చింది, అత్తమ్మకూ వచ్చింది. మామయ్య నవ్వలేదు. చక్రం కిందికి దించాక కుడికాలితో కిక్కు కొట్టారు, బండి లేచింది. మేమిద్దరం ఎక్కగానే ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పోనిచ్చారు. తర్వాతి ఊళ్లో కిరాణా కొట్టు ముందు ఆగి, తను అంతగా తిట్టే సీసా పెట్రోలే పోయించుకున్నారు. కిరసనాయిలు వాసన వస్తోందని మాత్రం అన్నారు.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున అత్తమ్మను ఎక్కించుకుని మళ్లీ అదే దారికి వెళ్లారు. కల్లం దగ్గర ఆ పెద్దావిడను వెతికి పట్టుకుని, బెల్లం, తమలపాకులు ఇచ్చి, ఆమె ఇంటి అరుగు మీద పొద్దు గూకే వేళదాకా కూర్చుని వచ్చారట. ఆ రోజు లీటరుకు ఎంత వచ్చింది మామయ్యా అని అడిగితే చూసుకోలేదన్నారు. ఆయన చూసుకోని రోజు నాకు తెలిసి అదొక్కటే.

మారిపోయారని చెప్పను. ఆ తర్వాతా సంచి తూచారు, హారన్ ముట్టుకోలేదు. అడగడం కూడా నేర్చుకోలేదు. పోయినేడు మిగిలిన కాలికీ పుండు పడింది. ఖమ్మం దవాఖానాలో చాలా రోజులు ఉంచి కాలు దక్కించారు కాని మనిషి సగమయ్యారు. బండి మీద టార్పాలిన్ పట్టా కప్పాం. మంచం మీంచి లేచి గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, కుర్చీ పట్టుకుని నడిచేవారు. ఇంట్లో మనుషులను తప్ప అన్నిటినీ పట్టుకునేవారు. అత్తమ్మ ఆయన వెనకే, తగలకుండా, పడితే అందేంత దూరంలో నడిచేది.

పోవడానికి కొన్నాళ్ల ముందు, ఒక ఆదివారం సాయంత్రం, నేను వాకిట్లో బట్టలు తీస్తున్నాను. మామయ్య గుమ్మం దాకా వచ్చి ఆగారు. అక్కడినుంచి పట్టుకోవడానికి ఏమీ లేదు. కాసేపు అలాగే నిలబడి, "జర చెయ్యియ్యి బిడ్డా" అన్నారు.

నేను బట్టలు అక్కడే వదిలేసి వెళ్లాను. నా భుజం మీద చెయ్యి వేశారు. ఇంత తేలికైపోయారా అనిపించింది. బాత్రూమ్ వైపు తిప్పబోతే తల అడ్డంగా ఊపి బండిని చూపించారు. పట్టా తీశాను. అంత కష్టపడి ఎక్కి కూర్చున్నాక, స్టార్ట్ చేయమంటారా అని అడిగాను.

"వద్దు. ఉత్తగ ఎందుకు పెట్రోలు" అన్నారు.

అత్తమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఒక నిమిషం చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, వెనక సీటు మీదికి ఎక్కి కూర్చుంది. ఆయన వెనక్కి తిరగకుండానే, మంచిగా కూర్చున్నావా అని అడిగారు. కూర్చున్నానంది. ఆయన చెయ్యి గేరు కడ్డీ మీదికి వెళ్లింది. ఇద్దరూ ముందుకు, రోడ్డు వైపు చూస్తున్నారు.

నేను వెళ్లి గేటు తీసి పెట్టాను.